నోటి కంపు: మూలం నాలుక వెనకాల, పళ్ళ సందుల్లో

అలిపిరి మెట్లు 3,550. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో ఎక్కడం మొదలుపెట్టి, కొండ మీదికి చేరి, క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చున్న మనిషి నోరు ఎట్లా ఉంటుందో పక్కన కూర్చున్నవాళ్ళను అడగాలి. బయల్దేరే ముందు పళ్ళు శుభ్రంగా తోముకున్నా అంతే. ఎక్కేటప్పుడు ఆయాసానికి నోటితో గాలి పీలుస్తాం, ఏమీ నమలం, నీళ్ళు తక్కువ తాగుతాం. దాంతో ఉమ్ము ఊరడం తగ్గిపోతుంది. నోటిని ఎప్పటికప్పుడు కడిగేది ఆ ఉమ్మే. అది తగ్గిందంటే క్రిములకు పండగ. నిద్రలో జరిగేదీ ఇదే కాబట్టి పొద్దున లేవగానే ఎవరి నోరైనా పాచి వాసన వేస్తుంది. ఇది జబ్బు కాదు. నోరు కడుక్కుని, నాలుగు గుక్కలు నీళ్ళు తాగి, ఏదో ఒకటి నమిలి తింటే పోతుంది.

అట్లా పోకుండా మధ్యాహ్నానికీ సాయంత్రానికీ వెంటాడే కంపు సంగతి వేరు. ఇక్కడ చెప్పేది దాని గురించే.

నోరు వాసన అనగానే మన వైపు ముందుగా వినపడే మాట "కడుపులో వేడి చేసింది" అని. ఇక సబ్జా గింజలు, పల్చటి మజ్జిగ, గ్యాసు మాత్రలు వరసగా మొదలవుతాయి. వేసవిలో సబ్జా నీళ్ళు తాగితే హాయిగానే ఉంటుంది గానీ నోటి కంపు మాత్రం పోదు. మింగేటప్పుడు, తేన్పు వచ్చినప్పుడు తప్ప అన్నవాహిక మూసుకునే ఉంటుంది. కడుపులోని గాలి ఊపిరితో పాటు బయటికి రావడానికి దారే లేదు. ఎప్పుడూ నోరు వాసన వేసేవాళ్ళలో నూటికి 80 నుంచి 90 మందికి దాని మూలం నోట్లోనే ఉంటుంది. మిగిలినవాళ్ళలో ఎక్కువమందికి ముక్కులోనో గొంతులోనో ఉంటుంది. కడుపు వంతు బాగా తక్కువ.

నోట్లో గాలి ఆడని చోట్లు మూడున్నాయి: నాలుక వెనక భాగం, పళ్ళ సందులు, చిగురుకూ పంటికీ మధ్య ఉండే సన్నటి జేబు. గాలి తగలకుండా బతికే క్రిములు అక్కడ కాపురం పెడతాయి. అన్నం మెతుకుల కన్నా వాటికి ఇష్టమైనది మాంసకృత్తులు. తిండిలోవే కాదు, రాలిపోయిన నోటి చర్మపు పొరలు, చిగుళ్ళ నుంచి కారే రక్తం, ముక్కు వెనక నుంచి దిగే చీమిడి, అన్నీ వాటికి ఆహారమే. ఇవి కుళ్ళితే గంధకపు వాయువులు పుడతాయి. హైడ్రోజన్ సల్ఫైడుది మురిగిన కోడిగుడ్డు వాసన, మిథైల్ మెర్కాప్టాన్‌ది కుళ్ళిన క్యాబేజీ వాసన. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళ నోట్లో ఈ రెండోది ఎక్కువ. ఏమీ తినకుండా ఉంటే నోరు శుభ్రంగా ఉంటుందనుకుని ఉపవాసం రోజు పళ్ళు తోమనివాళ్ళు ఉంటారు. తినకపోయినా ఆ క్రిములకు మేత ఆగదు.

ముందు మీరే చూసుకోండి

అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని ఊదుకుంటే ఏమీ తెలియదు. మన వాసనకు మన ముక్కు ఎప్పుడో అలవాటు పడిపోయి ఉంటుంది. తిని, తాగి రెండు గంటలైనా గడిచాక ఈ మూడు పనులు చేయండి.

మణికట్టు లోపలి వైపు నాలుకతో గట్టిగా నాకి, పది సెకన్లు ఆరనిచ్చి వాసన చూడండి. ఇది నాలుక ముందు భాగం సంగతి మాత్రమే చెబుతుంది. తర్వాత ఒక స్టీలు చెంచాను బోర్లించి, నాలుక మీద వీలైనంత వెనక నుంచి ముందుకు మెల్లగా గీకండి. చెంచాకు అంటిన తెల్లటి, పసుప్పచ్చటి జిగటను కాసేపాగి వాసన చూడండి. ఎదుటివాళ్ళకు తగిలేది దాదాపు ఇదే. మూడోది, దంతాల దారం, అంటే ఫ్లాస్, దవడ పళ్ళ సందుల్లో ఆడించి ఒక్కో సందు దగ్గర దారాన్ని వాసన చూడండి. అన్ని సందులూ మామూలుగా ఉండి ఒక్కచోట మాత్రం ముక్కు మూసుకునేంత కంపు వస్తే, అక్కడ పుప్పి పన్నో, సరిగ్గా కూర్చోని క్యాపో, చిగురు జేబో ఉన్నట్టు. ఆ సందు ఏదో గుర్తు పెట్టుకుని పళ్ళ డాక్టరుకు చూపిస్తే ఆయన పని సగం తగ్గుతుంది.

వీటన్నిటికన్నా నమ్మకమైనది ఇంట్లో మనిషిని అడగడం. ఒక్కసారి కాదు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అడగండి. నోటితో ఊదినప్పుడు ఒకసారి, నోరు మూసి ముక్కుతో వదిలినప్పుడు ఇంకోసారి చూడమనండి. ముక్కు నుంచి వచ్చే గాలే ఎక్కువ కంపు కొడుతుంటే పళ్ళ డాక్టరు కన్నా ముందు ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

నాలుక గీసుకోవడం

నోటి కంపులో పెద్ద వాటా నాలుకదే. రోజుకు రెండు పూటలా బ్రష్ చేసేవాళ్ళు కూడా తప్పు చేసేది ఇక్కడే. నాలుక కొసనూ, మధ్య భాగాన్నీ మెరిసేలా గీకుతారు. అక్కడ పెద్దగా మురికి ఉండదు, తిండి రాపిడికి అదే శుభ్రపడుతుంది. మురికంతా వెనక మూడో వంతులో ఉంటుంది.

నాలుకబద్ద స్టీలుదైనా, రాగిదైనా ఒకటే. స్టీలుది కడగడం సులువు. రాగిదైతే వారానికొకసారి చింతపండుతో తోముకోవాలి. కొనేటప్పుడు అంచు మీద వేలు నడిపించి చూడండి, గరుకుగా తగిలితే తీసుకోవద్దు. తాటాకు ఈనె, రెండుగా చీల్చిన వేపపుల్ల కూడా పనికొస్తాయి గానీ ఒక్కసారి వాడి పారేయాలి.

అద్దం ముందు నిలబడి నాలుక బాగా బయటికి చాపండి. నాలుక వెనక్కి లాక్కుంటుంటే కొసను తడిగుడ్డతో పట్టుకోండి. బాగా వెనక, అడ్డంగా ఒక వరసలో పెద్ద బొడిపెలు కనిపిస్తాయి. కొందరు వాటిని చూసి క్యాన్సరేమో అని హడలిపోతారు. అవి అందరికీ ఉండేవే, వాటిని గీకకండి. వాటికి కొంచెం ముందు బద్దను ఆనించి, ఊపిరి మెల్లగా బయటికి వదులుతూ, ఒకే ఊపున ముందుకు లాగండి. వెనక్కి తొయ్యకూడదు. బద్దను కుళాయి కింద కడిగి మళ్ళీ లాగండి. మధ్యన రెండుసార్లు, కుడివైపు రెండుసార్లు, ఎడమవైపు రెండుసార్లు. మొత్తం అర నిమిషం పని. బద్దకు అంటేది పల్చబడి ఉమ్ములా మారితే చాలు, ఆపేయండి. ఎర్రగా గీరుకుపోయి రక్తం కనిపిస్తే గట్టిగా నొక్కినట్టు.

వాంతి వచ్చినట్టుంటే మొదటి మూడు రోజులు నాలుక మధ్య వరకే వెళ్ళండి. తర్వాత రోజూ ఒక మెతుకంత దూరం వెనక్కి జరపండి. వారం పది రోజుల్లో అలవాటవుతుంది. ఉదయం ఏమీ తినకముందు చేస్తే వికారం తక్కువ. పొద్దున్నే వీధి కుళాయి దగ్గర గొంతులోకి వేళ్ళు పోనిచ్చి నాలుగిళ్ళకు వినపడేలా ఓకరించేవాళ్ళు ప్రతి వీధిలో ఒకరుంటారు. కఫం, పైత్యం బయటికి వస్తేనే శుభ్రమని వాళ్ళ నమ్మకం. దాని వల్ల ఒరిగేదేమీ లేదు, కడుపులో పులుపు పైకి తన్ని పళ్ళ పైపొర అరిగిపోవడం తప్ప.

గీకినా పోని తెల్లటి మచ్చ నాలుక మీదో, బుగ్గ లోపలో ఉంటే అది పాచి కాదు. ముఖ్యంగా పొగాకు అలవాటున్నవాళ్ళు దాన్ని డాక్టరుకు చూపించాల్సిందే.

సందుల్లో ఇరుక్కున్నది

బ్రష్ కుచ్చులు పంటికి ముందు, వెనక, పైన తగులుతాయి. పన్నుకూ పన్నుకూ మధ్య చేరవు. మన తిండేమో సందుల్లో ఇరుక్కునేదే: ఊరుబిండిలో చెనక్కాయల పొడి, నాటుకోడి పులుసులో పీచు, వేసవి రాగానే నాటు మామిడి టెంక చీకినప్పుడు మిగిలే నార. కూర ముక్క ఒక రాత్రి సందులో ఉండిపోతే తెల్లారేసరికి దాని వాసన ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

ఫ్లాస్ దారం మందుల షాపుల్లో దొరుకుతుంది. సుమారు 40 సెంటీమీటర్లు తుంచుకుని రెండు చేతుల నడిమి వేళ్ళకు చుట్టుకోండి. మధ్యలో మూడు నాలుగు సెంటీమీటర్ల దారం బిగుతుగా మిగలాలి. బొటనవేలు, చూపుడువేలు సాయంతో దాన్ని సందులోకి రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ దించండి. ఒక్కసారిగా నొక్కితే దారం చిగురును కోస్తుంది. లోపలికి దిగాక ఒక పంటికి ఒరిపించి, పంటి చుట్టూ వంపు తిప్పి, చిగురు అంచు కిందికి కొద్దిగా జార్చి, మూడుసార్లు పైకీ కిందికీ రాయండి. తర్వాత అదే సందులో రెండో పంటికి. ఇంకో సందుకు పోయేటప్పుడు దారాన్ని వేలి మీద ఒక చుట్టు జరిపి కొత్త భాగం వాడండి. చిట్టచివరి దవడ పన్ను వెనక వైపుకు కూడా దారం వెయ్యండి. అక్కడ సందు లేదు కదా అని అందరూ వదిలేస్తారు, కంపు దాక్కునేది అక్కడే.

మొదటి వారం దారం వేసినప్పుడల్లా కాస్త రక్తం వస్తుంది. వాచిన చిగురు కాబట్టి వస్తుంది. అది చూసి మానేస్తే వాపు అట్లాగే ఉంటుంది. రోజూ వేస్తూ పోతే వారం పది రోజుల్లో ఆగిపోవాలి. రెండు వారాలైనా ఆగకపోతే గార, అంటే రాయిలా గట్టిపడిన పాచి, చిగురు కిందికి దిగినట్టు, ఇంట్లో చేసేదేమీ లేదు.

పళ్ళ మధ్య ఖాళీలు పెద్దవైనవాళ్ళకు, నలభై దాటి చిగుళ్ళు కిందికి జారినవాళ్ళకు దారం కన్నా సందుల బ్రష్ మేలు. సీసా కడిగే బ్రష్ లాంటిదే, చీపురుపుల్లంత సన్నగా ఉంటుంది. సందులో కొంచెం బిగువుగా దూరే సైజు తీసుకోవాలి. వదులుగా తిరిగితే శుభ్రం చెయ్యదు, బలవంతంగా తోస్తే చిగురు గాయపడుతుంది. పిన్నీసు, గుండుసూది, అగ్గిపుల్ల, చీపురుపుల్ల, పుస్తకం అట్ట మూల, ఇవేవీ సందుల్లోకి పోకూడదు.

బ్రష్ సంగతి చాలామందికి తెలిసిందే కాబట్టి తప్పులు జరిగేచోట్లు మాత్రం చెబుతాం. కుచ్చులు మెత్తవి ఉండాలి. చిగురూ పన్నూ కలిసేచోట 45 డిగ్రీల వాలులో ఆనించి చిన్నగా కదపాలి, అంట్లు తోమినట్టు అడ్డంగా రుద్దకూడదు. రెండు నిమిషాలు పడుతుంది, గడియారం పెట్టి చూస్తే మీరు రోజూ తోమేది అందులో సగం కూడా ఉండదని తెలుస్తుంది. పేస్టు బఠాణీ గింజంత చాలు, మూడేళ్ళ లోపు పిల్లలకైతే బియ్యపు గింజంత. డబ్బా మీద ఫ్లోరైడు 1,000 నుంచి 1,500 పీపీఎం మధ్య ఉందా చూడండి. మూడు నెలలకో, కుచ్చులు విచ్చుకుపోతే అంతకన్నా ముందో బ్రష్ మార్చాలి. చింతపులుసు, నిమ్మకాయ, మామిడికాయ తిన్న వెంటనే తోమకుండా అరగంట ఆగండి, పులుపు తగిలిన పన్ను కాసేపు మెత్తగా ఉంటుంది.

ఒక పూట మాత్రమే ఓపిక ఉందంటే అది రాత్రి పూట కావాలి. మన ఇళ్ళల్లో దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది: పొద్దున తోమకుండా కాఫీ ముట్టరు, రాత్రి సంగటి తిని చెయ్యి కడుక్కుని పడుకుంటారు. ఉమ్ము తగ్గే ఏడెనిమిది గంటలూ ఆ తిండి నోట్లోనే ఉంటుంది. రాత్రి వరస ఇది: ముందు దారం, తర్వాత నాలుక, చివర బ్రష్. నురగ ఉమ్మేసి వదిలెయ్యండి, నీళ్ళతో పదేపదే పుక్కిలిస్తే ఫ్లోరైడంతా కొట్టుకుపోతుంది. ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఇంకేమీ తీసుకోవద్దు. పడుకునే ముందు పాలు తాగే అలవాటుంటే తాగాకే తోముకోండి.

తెల్లగడ్డ, ఎర్రగడ్డ

తెల్లగడ్డ వాసన రెండు విడతలుగా వస్తుంది. మొదటిది నోట్లో అంటుకున్నది, తోముకుంటే పోతుంది. రెండోది పోదు. తెల్లగడ్డ అరిగినప్పుడు పుట్టే అల్లైల్ మిథైల్ సల్ఫైడు రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల్లోకి చేరి, ఊపిరితో బయటికి వస్తుంది. ఎన్నిసార్లు పుక్కిలించినా లాభం లేదు, ఒక్కోసారి మరుసటి రోజు దాకా ఉంటుంది. పచ్చి తెల్లగడ్డతో దంచిన కారం ఇందులో ఘనాపాఠి, ఉడికిన తెల్లగడ్డ చాలా నయం. పాలలో, పెరుగులో ఉండే కొవ్వు, మాంసకృత్తులు ఈ వాయువుల్ని పట్టేస్తాయి. అవి కూడా భోజనం అయిపోయాక ఎప్పుడో కాకుండా భోజనంతో పాటే తీసుకుంటే బాగా పనిచేస్తాయి. కాబట్టి కారం ముద్ద తర్వాత పెరుగన్నం తినే మన పద్ధతిలో లెక్క ఉంది. పచ్చి పుదీనా ఆకులు, ఆపిల్ ముక్కలు నమిలినా కొంత తగ్గుతుంది. పొద్దున ఇంటర్వ్యూ ఉంటే ముందు రోజు మధ్యాహ్నం నుంచే పచ్చి తెల్లగడ్డ, పచ్చి ఎర్రగడ్డ మానడం ఒక్కటే గట్టి దారి.

ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్ళకు, బరువు తగ్గాలని అన్నం, సంగటి పూర్తిగా మానేసినవాళ్ళకు ఒక రకమైన తియ్యటి, గోళ్ళరంగు తుడిచే మందు లాంటి వాసన వస్తుంది. ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటోందని దాని అర్థం. తిండి మొదలుపెడితే పోతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు అదే వాసన వస్తే మాత్రం సంగతి వేరు, కింద చెబుతాం.

పుక్కిలించేవి, నమిలేవి

సోంపు, లవంగం, యాలక్కాయ కాసేపు వాసనను కప్పుతాయి. నమలడం వల్ల ఉమ్ము ఊరుతుంది కాబట్టి ఆ మేరకు మంచిదే. చక్కెర పూసిన రంగు సోంపు, పిప్పరమెంటు బిళ్ళలు మాత్రం పళ్ళను పుప్పి పట్టించి రేపటి కంపుకు పెట్టుబడి పెడతాయి. నమలాలనుకుంటే చక్కెర లేని చూయింగ్ గమ్ తీసుకోండి.

గోరువెచ్చటి ఉప్పునీళ్ళు, గ్లాసుకు అర టీస్పూను ఉప్పు, చిగుళ్ళ వాపుకు, గొంతుకు ఉపశమనం. రోజూ కంపు పోగొట్టే శక్తి దానికి లేదు.

షాపులో కొనే మౌత్‌వాష్‌లలో ఆల్కహాలు ఉన్నది నోటిని ఇంకా ఎండబెడుతుంది. జింకు ఉన్నది గంధకపు వాయువుల్ని పట్టి కట్టేస్తుంది కాబట్టి అలాంటిది ఎంచుకోండి. ఇక క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మందు. డాక్టరు చీటీ మీద రాసేది, 10 మిల్లీలీటర్లు ఒక నిమిషం, రోజుకు రెండుసార్లు. క్రిముల మీద బాగా పనిచేస్తుంది, అందుకే ఒకసారి రాయించుకున్న చీటీతో నెలల తరబడి కొని వాడేవాళ్ళున్నారు. రెండు వారాలు దాటితే పళ్ళ మీద, నాలుక మీద గోధుమరంగు మరకలు పడతాయి, కాఫీ, టీ తాగేవాళ్ళకు ఇంకా త్వరగా. ఉప్పు, చేదు రుచి సరిగ్గా తెలియకుండా పోతుంది. ఇంకో పొరపాటు, పేస్టుతో తోమిన వెంటనే దీన్ని పుక్కిలించడం. పేస్టులో నురగ తెప్పించే పదార్థం ఈ మందు బలాన్ని విరిచేస్తుంది. కనీసం అరగంట ఎడం ఉండాలి.

నువ్వులనూనె పుక్కిలించడం చాలామంది అడుగుతుంటారు. ఒక టేబుల్ స్పూను నూనె పది నిమిషాలు నోట్లో తిప్పి ఉమ్మేస్తే పాచి కొంత వదులుతుంది. అంతవరకే. నాలుకబద్దకూ, దారానికీ బదులు కాదు. మింగకూడదు, వాష్‌బేసిన్‌లో ఉమ్మితే పైపు జిడ్డుకట్టి మూసుకుపోతుంది, చిన్నపిల్లలకు వద్దే వద్దు.

వేపపుల్ల నిక్షేపంగా వాడుకోవచ్చు, కొసను బాగా నమిలి కుంచెలా మెత్తగా చేసుకుంటే. దాంతో ఉన్న చిక్కు, దవడ పళ్ళ లోపలి వైపు అది చేరదు, ఫ్లోరైడు ఉండదు. కాబట్టి పొద్దున వేపపుల్ల, రాత్రి బ్రష్ పేస్టు అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, రాళ్ళ ఉప్పు మాత్రం పన్నును అరగదీస్తాయి. అరిగిన పన్ను జివ్వుమంటుంది, ఆ బాధకు అటువైపు తోమడం మానేస్తారు, మళ్ళీ కంపు. పొగాకు కలిసిన పళ్ళపొడి అసలే వద్దు.

నోరు ఎండిపోతుంటే

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రోడ్డు మీద పనిచేసే కండక్టరుకు, ఆటో నడిపేవాళ్ళకు, పూలు అమ్మేవాళ్ళకు నోరు ఎండటమే సగం కారణం. ఒకేసారి చెంబెడు తాగడం కన్నా గంటగంటకూ నాలుగు గుక్కలు తాగడం నోటికి మేలు. కాఫీ, టీ తాగాక మంచినీళ్ళతో పుక్కిలించండి, పాలూ చక్కెరా నాలుక మీద మిగలకుండా పోతాయి.

ఎండాకాలం కాకున్నా నోరు పిడచకట్టుకుపోతుంటే వాడే మందులు చూసుకోండి. జలుబు, అలర్జీ మాత్రలు, నీరు తీసే బీపీ మాత్రలు, దిగులుకు వాడే కొన్ని మాత్రలు ఉమ్మును తగ్గిస్తాయి. మీ అంతట మీరు మానేయవద్దు. రాసిన డాక్టరుకే నోరు ఎండిపోతోందని చెబితే మందు మార్చే వీలుండొచ్చు. ముక్కు దిబ్బడతో నోరు తెరిచి నిద్రపోయేవాళ్ళు, గురక పెట్టేవాళ్ళు ఎంత తోముకున్నా పొద్దున కంపు తప్పదు. ముక్కుకు వైద్యం చేయించుకోవాలి.

ఆకువక్క గురించి ఒక మాట. తమలపాకు వాసన మంచిదే, అందుకే భోజనం తర్వాత వేసుకుంటారు. వక్క తోటే పేచీ. రోజుకు పదిసార్లు వక్క నమిలేవాళ్ళకు బుగ్గలు లోపల గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోతే ఆలస్యం చేయవద్దు. ఖైని, గుట్కా, బీడీ, సిగరెట్ ఏదైనా నోటిని ఎండబెట్టి, చిగుళ్ళను తినేసి, తనదైన కంపు అదనంగా కలుపుతుంది. ఆ అలవాటు ఉంచుకుని ఈ వ్యాసంలో మిగతావన్నీ చేసినా ఫలితం అరకొరే.

పళ్ళ డాక్టరు చేసేది

రాత్రి వరస రెండు వారాలు తప్పకుండా చేసినా వాసన ఉంటే డాక్టరు వంతు. తిరుపతి రుయా లాంటి ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో కూడా పళ్ళకు చూస్తారు. మొదట చేసేది గార తీయడం. పాచి గట్టిపడి రాయిలా మారితే గార అవుతుంది, దాన్ని ఏ బ్రష్షూ తీయలేదు. గార తీయిస్తే పళ్ళు కదులుతాయనే భయం ఇంటింటా ఉంది. నిజానికి చిగురు జబ్బుతో అప్పటికే కదిలిన పన్నును ఆ గారే పట్టుకుని ఉంటుంది, తీశాక అసలు సంగతి బయటపడుతుంది. అట్లాగే వదిలేస్తే పన్ను దానంతట అదే ఊడిపోవచ్చు.

చిగురు జేబు లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు మామూలు. 4, అంతకు పైన ఉంటే లోపల కూడా శుభ్రం చేయాలి, అందుకు మత్తు ఇస్తారు. జ్ఞానదంతం సగమే బయటికి వచ్చి, మీద చిగురు కప్పు ఉంటే దాని కింద మెతుకులు కుళ్ళుతాయి. పద్దెనిమిది, పాతికేళ్ళ మధ్య ఉన్నట్టుండి ఒకవైపు నోరు వాసన మొదలైతే ముందు అక్కడే చూడాలి.

కట్టుడు పళ్ళు ఉన్న పెద్దవాళ్ళు వాటిని రాత్రి తీసి, మెత్తటి బ్రష్‌తో, సబ్బునీళ్ళతో తోమి, మామూలు నీళ్ళలో వేసి ఉంచాలి. పేస్టు వాటిని గీతలు పెడుతుంది, వేడినీళ్ళు వంకర తిప్పుతాయి. పళ్ళ సెట్టు తోమి, అది కూర్చునే చిగురునూ అంగిలినీ తడిగుడ్డతో తుడవడం మరిచిపోతారు.

నోటిది కాకపోతే

గొంతులో గవదల, అంటే టాన్సిళ్ళ, గుంటల్లో నుంచి అప్పుడప్పుడు బియ్యపు గింజంత తెల్లటి గట్టి ముక్క ఊడి వస్తుందా? నలిపి చూస్తే దాని కంపు భరించలేం. అవి గవదల రాళ్ళు. ప్రమాదం లేదు, భోజనం తర్వాత ఉప్పునీళ్ళు గొంతులో గరగరలాడిస్తే తగ్గుతాయి. వేలితో, పుల్లతో కెలకవద్దు, రక్తం కారుతుంది. మాటిమాటికీ వస్తే ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. సైనస్ ఉన్నవాళ్ళకు చీమిడి గొంతు వెనకగా దిగి నాలుక మీద పేరుకుంటుంది.

చిన్నపిల్లల దగ్గర ఉన్నట్టుండి కంపు వస్తూ, ఒక్క ముక్కు రంధ్రం నుంచే చీమిడి కారుతుంటే లోపల చింతగింజో, పూసో, చెనక్కాయో ఇరుక్కుని ఉందని అనుమానించాలి. ఇంట్లో పిన్నుతో తీయాలని చూస్తే ఇంకా లోపలికి పోతుంది. ఇరుక్కున్నది బటన్ సెల్, అంటే వాచీల్లో వేసే చిన్న గుండ్రటి బ్యాటరీ, అయితే గంటలు కూడా ఆగకూడదు, అది ముక్కు లోపల కాల్చేస్తుంది.

షుగర్ ఉన్న మనిషి నోటి నుంచి మగ్గిన పండు లాంటి వాసన వస్తూ, వాంతులు, విపరీతమైన దాహం, వేగంగా ఊపిరి ఉంటే అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మూత్రం లాంటి ఘాటు వాసనకు మూత్రపిండాలు, బూజు పట్టిన తియ్యటి వాసనకు కాలేయం చూస్తారు. అయితే ఆ దశకు వచ్చేసరికి కాళ్ళ వాపు, పచ్చకామెర్లు లాంటివి ముందే కనిపిస్తాయి, వాసన ఒక్కటే చూసి భయపడక్కర్లేదు. నోట్లో పుండు రెండు వారాలకు మించి మానకపోతే మాత్రం వాసన ఉన్నా లేకున్నా చూపించాలి.

అసలు వాసనే లేకున్నా ఉందనుకుని నలుగురిలో నోరు విప్పనివాళ్ళూ ఉన్నారు. ఎదుటివాళ్ళు ముక్కు గోక్కున్నా తమ వల్లే అనుకుంటారు. ఇలాంటివాళ్ళు రోజుకు ఐదుసార్లు తోమి చిగుళ్ళు అరగదీసుకునే బదులు డాక్టరు చేత ఒకసారి వాసన చూపించుకోవడం నయం. డాక్టర్లు దూరం పెంచుతూ వాసన చూసి 0 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. దానికి వెళ్ళేముందు రెండు రోజులు తెల్లగడ్డ, ఎర్రగడ్డ, మసాలాలు మానాలి. ఆ పొద్దున తినకూడదు, తాగకూడదు, పళ్ళు తోమకూడదు, మౌత్‌వాష్ పుక్కిలించకూడదు. షుగర్ మందులు వాడేవాళ్ళు ఖాళీ కడుపు సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. అక్కడ పరికరం డాక్టరు ముక్కే కాబట్టి ఆ రోజు సెంటు, వాసన నూనె, తలలో మల్లెపూలు కూడా వద్దు.